ఫ్రీలాన్స్ సైట్లలో పని ఇచ్చేవాళ్లు, పని వెతికేవాళ్లు ఎవరిని ఎలా నమ్ముతున్నారు? (వరంగల్, కరీంనగర్ వైపు వాళ్లు చెప్పండి)

కొత్తవాడ_మగ్గం
మాది వరంగల్ కొత్తవాడ, దర్రీలు (జంపఖానాలు) నేసే ఇల్లు. మామగారు, మరిది మగ్గం మీద ఉంటారు, అమ్మకాల సంగతి నేను చూస్తాను. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు (ఈ ప్రాంతపు సరుకే అని చెప్పే గుర్తింపు) వచ్చాక హైదరాబాద్, బెంగళూరు నుంచి అడిగేవాళ్లు పెరిగారు. అడిగిన ప్రతివాళ్లూ ముందు "మీ వెబ్‌సైట్ లింక్ పంపండి" అంటారు. మా దగ్గర ఉన్నవి వాట్సాప్ ఫొటోలే.

అందుకని ఒక ఫ్రీలాన్స్ సైట్‌లో, అంటే ఉద్యోగంగా కాకుండా పనికి ఇంత అని ఒప్పుకునేవాళ్లు దొరికే చోట, పని పెట్టాను. గంట తిరగకముందే కుప్పలుగా ప్రపోజల్స్ వచ్చిపడ్డాయి. అన్నీ అచ్చు ఒకటే. "డియర్ సర్, మీ ప్రాజెక్టు జాగ్రత్తగా చదివాను, పదేళ్ల అనుభవం ఉంది." నా పేరు చూసినా సర్ కాదని తెలిసేది. దర్రీ గురించి ఒక్కరూ ఒక్క ముక్క అడగలేదు. ఒకాయన 4,000కు చేస్తానంటాడు, ఇంకొకాయన లక్షన్నర. మూడో ఆయన "సైట్‌కు కమీషన్ దండగ, సగం డబ్బు యూపీఐలో వేయండి, రేపే మొదలుపెడతా" అన్నాడు.

నేతలో మిగిలేది ఎంతో మీకు తెలుసు. పోగొట్టుకునే స్తోమత మాకు లేదు. ఇలా పని చేయించుకున్నవాళ్లు, చేసేవాళ్లు ఇద్దరూ చెప్పండి.

వేయిస్తంభాలు
నక్కలగుట్టలో, నయీంనగర్‌లో వెబ్‌సైట్లు చేసేవాళ్లు ఇంతమంది ఉండగా ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియనివాడు ఎందుకు అక్కా? ఎదురుగా కూర్చుని చేయించుకోండి. తేడా వస్తే వెళ్లి అడగొచ్చు.

మానేరు_ఒడ్డు
అడగొచ్చు, మనిషి దొరికితే. కరీంనగర్‌లో మా కోచింగ్ సెంటర్‌కు తెలిసినవాళ్ల అబ్బాయితోనే సైట్ చేయించాం. మొత్తం డబ్బు ముందే ఇచ్చేశారు మా పార్ట్‌నర్. డొమైన్, అంటే సైట్ పేరు, ఆ అబ్బాయి తన ఈమెయిల్ మీద తీసుకున్నాడు. తర్వాత పుణెలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. రెన్యూవల్ తేదీ దాటింది, సైట్ ఆగిపోయింది, ఫోన్ ఎత్తడు. చివరికి కొత్త పేరుతో మొదటి నుంచి మొదలుపెట్టాం. కరపత్రాల మీద, ఆటోల వెనకాల అంతా పాత పేరే ఉంది.

లోకలా, ఆన్‌లైనా అన్నది కాదు. డొమైన్, హోస్టింగ్ (సైట్ ఉంచే అద్దె చోటు) మీ ఈమెయిల్ మీద, మీ కార్డుతో మీరే కొనండి. చేసేవాళ్లకు లాగిన్ ఇవ్వండి, పని అయ్యాక పాస్‌వర్డ్ మార్చండి. ఇది ఎవరితో చేయించినా తప్పదు.

చపాటా_మిర్చి
@మానేరు_ఒడ్డు ఆటోల వెనకాల ఇప్పటికీ తిరుగుతోంది అన్నా ఆ పేరు, మొన్ననే చూశా 😀

రాత్రి_బండి
కాజీపేట నుంచి అప్‌వర్క్ అనే ఫ్రీలాన్స్ సైట్‌లో వెబ్ పనులు చేస్తుంటాను. అమెరికా వాళ్ల పగలే మనకు రాత్రి, అందుకే ఈ పేరు. చేసేవాళ్ల వైపు నుంచి చెబుతా.

ప్రపోజల్స్ ఒకేలా ఎందుకు వస్తాయంటే, పంపడానికే డబ్బు అవుతుంది. అప్‌వర్క్‌లో కనెక్ట్స్ అని ఉంటాయి, ఒక్కోటి 0.15 డాలర్లు. ఒక్క పనికి అప్లై చేయాలంటే అవి కొన్ని పెట్టాలి, పైకి కనపడాలంటే ఇంకా పెట్టాలి. ఎక్కువసార్లు జవాబే రాదు. దాంతో కొత్తవాళ్లు ఒక మూస రాసిపెట్టుకుని కొట్టుకుంటూ పోతారు. ఇప్పుడు ఏఐ కూడా తోడైంది. కొన్ని ఏజెన్సీలైతే పని కనపడగానే అప్లై చేయడానికే మనిషిని పెట్టుకుంటాయి. గంటలోపు వచ్చినవాటిలో అలాంటివే ఎక్కువ. రెండో రోజు, మూడో రోజు వచ్చేవి జాగ్రత్తగా చూడండి.

ఇంకో మాట. మీరు పెట్టిన ప్రకటన ఏంటో ఇక్కడ అతికించండి అక్కా. అది చూడకుండా తప్పంతా వాళ్లదే అనలేను.

కొత్తవాడ_మగ్గం
పెట్టింది ఇంతే: "చేనేత వ్యాపారానికి మంచి వెబ్‌సైట్ కావాలి. క్వాలిటీ ముఖ్యం. అర్జెంట్."

చపాటా_మిర్చి
ఎనుమాముల యార్డులో రైతు "ఇవాళే అమ్ముకుని పోవాలి" అని నోరు జారితే మిర్చి ధర ఏమవుతుందో, మీ "అర్జెంట్" కూడా అదే చేసింది అక్కా.

రాత్రి_బండి
@కొత్తవాడ_మగ్గం ఈ మూడు ముక్కలు చదివి నేనైనా ధర చెప్పలేను. 4,000కూ లక్షన్నరకూ తేడా అక్కడే వచ్చింది. ఒకరు రెడీమేడ్ డిజైన్‌లో మీ పేరు మార్చి ఇస్తారు, ఇంకొకరు పేమెంట్ గేట్‌వే (సైట్‌లోనే డబ్బు కట్టే ఏర్పాటు), స్టాకు లెక్క, కొరియర్ లింక్ అన్నీ ఊహించుకుని చెప్పారు. ఎన్ని రకాల దర్రీలు, ఫొటోలు ఎవరు తీస్తారు, కొనేవాళ్లు సైట్‌లోనే డబ్బు కట్టాలా లేక వాట్సాప్‌కు వస్తే చాలా, తెలుగు పేజీ కావాలా, తర్వాత మీరే కొత్త దర్రీ ఎక్కించుకోవాలా. ఇవి రాయండి. బడ్జెట్ కూడా దాచకండి.

చివర్లో ఒక ప్రశ్న పెట్టండి. ఉదాహరణకు "నాలుగు అడుగుల దర్రీ, పది అడుగుల దర్రీ పక్కపక్కన పెడితే ఫోన్ స్క్రీన్ మీద సైజు తేడా ఎలా చూపిస్తారు?" దీనికి సొంతంగా జవాబు రాసినవాళ్లనే చూడండి. మిగతావి తెరవక్కర్లేదు.

మానేరు_ఒడ్డు
ప్రశ్నతో పాటు శాంపిల్ కూడా అడగండి. హోం పేజీ ఎలా ఉంటుందో ముగ్గురిని చేసి చూపించమనండి. నచ్చినవాళ్లకు పని ఇవ్వండి.

హంటర్‌రోడ్_వాణి
@మానేరు_ఒడ్డు దీనికి మాత్రం ఒప్పుకోను. ముగ్గురితో ఉచితంగా చేయించుకుని ఒకరికి ఇస్తే మిగతా ఇద్దరి కష్టం ఏమైనట్టు? నేను ఇంట్లో నుంచి తెలుగు వాయిస్ ఓవర్ పనులు చేస్తాను. "శాంపిల్‌గా ఈ రెండు పేజీలు చదివి పంపండి" అని అడుగుతారు, పంపాక మాయమవుతారు. ఒకసారి అలా పంపిన నా గొంతే ఒక ప్రకటనలో విన్నాను. అప్పటి నుంచి నా పాత రికార్డింగ్‌లే శాంపిల్‌గా ఇస్తున్నాను, కొత్తది కావాలంటే ధర చెబుతాను.

చూడాలనుకుంటే చిన్న పనికి డబ్బు ఇచ్చి చూడండి.

మానేరు_ఒడ్డు
@హంటర్‌రోడ్_వాణి మీ గొంతు విషయంలో జరిగింది అన్యాయమే. కానీ పని ఇచ్చేవాళ్లు కూడా గుడ్డిగా ఇవ్వలేరు కదా, వాణి గారూ. పోర్ట్‌ఫోలియోలో, అంటే ముందు చేశామని చూపించే పనుల్లో, పెట్టినవన్నీ వాళ్లు చేసినవే అని గ్యారంటీ ఏది?

రాత్రి_బండి
పోర్ట్‌ఫోలియోలో ఒక లింక్ తీసుకుని "ఇందులో మీరు చేసిన భాగం ఏది, ఎక్కడ ఇబ్బంది వచ్చింది" అని వీడియో కాల్‌లో అడగండి. చేసినవాళ్లు ఆగకుండా చెబుతారు. వాణక్క చెప్పినదానికే నా ఓటు. ఇద్దరిని ఎంచుకుని, ఒక దర్రీ ఫొటో శుభ్రం చేసి దాని పేజీ చేసి ఇమ్మని ఇద్దరికీ డబ్బు ఇవ్వండి. మొత్తం పనిలో అది చిన్న ముక్కే.

వేయిస్తంభాలు
ఇద్దరికీ డబ్బు, పైన సైట్ కమీషన్, మళ్లీ డాలర్ మారకం. ఇవన్నీ కలిపితే నక్కలగుట్టే చవక అని ఇప్పటికీ అంటాను.

సుబేదారి_ఆడిటర్
@వేయిస్తంభాలు డాలర్ విషయం మీరన్నది నిజం. అప్‌వర్క్‌లో బిల్లు డాలర్లలోనే. కొత్తవాడ ఆవిడ రూపాయలు డాలర్లు అవుతాయి, కాజీపేట అబ్బాయికి చేరేసరికి మళ్లీ రూపాయలవుతాయి. రెండు వైపులా మారకంలో కొంత పోతుంది. ఇద్దరూ ఇక్కడివాళ్లే అయితే రూపాయల్లో ప్రాజెక్టు పెట్టుకునే వీలున్న సైట్ వాడటం మేలు.

కమీషన్ లెక్క కూడా తెలుసుకోండి. ఫైవర్ అనే సైట్ పని చేసేవాళ్ల దగ్గర 20 శాతం తీసుకుంటుంది, కొనేవాళ్ల మీద వేరే ఫీజు. అప్‌వర్క్ 2023 నుంచి అందరికీ 10 శాతం అంది, 2025 మే నుంచి కొత్త కాంట్రాక్టులకు పనిని బట్టి 0 నుంచి 15 శాతం మధ్య వేస్తోంది. ఫ్రీలాన్సర్ డాట్ కామ్‌లో ఫిక్స్‌డ్ ధర పని (మొత్తం పనికి ఇంత అని ముందే అనుకున్నది) ఒప్పుకోగానే చేసేవాళ్ల ఫీజు కోత పడుతుంది, క్లయింట్ ఇంకా పైసా ఇవ్వకపోయినా సరే. కొత్తగా చేరే పిల్లలు ఇది చూసుకోకుండా ఒప్పుకుంటున్నారు.

ఇంకొకటి, కార్డు. 2020 అక్టోబర్ నుంచి ఆర్‌బీఐ నియమం ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలు మొదట్లో ఆఫ్‌లోనే ఉంటాయి. బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి, లిమిట్ మీరే పెట్టుకోవాలి. పేమెంట్ ఫెయిల్ అయిందని సైట్‌ను తిట్టుకునేవాళ్లు చాలామంది వస్తారు నా దగ్గరికి.

కొత్తవాడ_మగ్గం
అంత కమీషన్ పోతుంటే ఆ యూపీఐ ఆయన మాటలో తప్పేముంది మరి?

రాత్రి_బండి
ఆ కమీషన్‌కు మీకు వచ్చేది ఎస్క్రో అక్కా. అందులో ఫిక్స్‌డ్ ధర పని అయితే ముక్కలుగా, అంటే మైల్‌స్టోన్లుగా విడగొడతారు. మొదటి ముక్క డబ్బు మీరు ముందే సైట్ దగ్గర పెట్టాలి. అది ఆయన చేతికి వెళ్లదు, మీరూ ఊరికే వెనక్కి తీసుకోలేరు. పని చూసి మీరు సరే అన్నాక ఆయనకు విడుదల అవుతుంది. గొడవ వస్తే మధ్యవర్తిత్వం ఉంటుంది, అక్కడ సాక్ష్యం ఆ సైట్‌లో రాసుకున్న మెసేజ్‌లే. యూపీఐలో వేస్తే ఇవేవీ లేవు.

పైగా అప్‌వర్క్‌లో పరిచయమైనవాళ్లు రెండేళ్ల దాకా బయట చెల్లింపులు చేసుకోకూడదని షరతు ఉంది. వెళ్లాలంటే కన్వర్షన్ ఫీజు కట్టి వెళ్లాలి. దొరికితే ఇద్దరి అకౌంట్లూ పోవచ్చు. మొదటి రోజే బయటికి రమ్మంటున్నాడంటే ఆయనకు ఆ అకౌంట్ పోయినా పర్వాలేదన్నమాట. పేరు కాపాడుకోవాల్సినవాడు అలా అడగడు.

గడువులు కూడా గుర్తుపెట్టుకోండి. అప్‌వర్క్‌లో పని సమర్పించాక మీరు 14 రోజులు పలకకపోతే డబ్బు దానంతట అదే వెళ్లిపోతుంది. ఫైవర్‌లో 3 రోజులే. పెళ్లికో, జాతరకో వెళ్లి ఫోన్ చూడకపోతే అంతే సంగతులు.

చపాటా_మిర్చి
మేడారం వెళ్లేముందు పని అప్పజెప్పించుకోవద్దు, అక్కడ సిగ్నల్ దొరకడం కష్టం. రాసిపెట్టుకోండి.

వేయిస్తంభాలు
@రాత్రి_బండి గంటల లెక్కన ఇస్తే ఎలా? తమ్ముడు పడుకుని కూడా గంటలు రాసుకోవచ్చు కదా.

రాత్రి_బండి
@వేయిస్తంభాలు లేదు అన్నా. అప్‌వర్క్‌లో ట్రాకర్ (గంటలు లెక్కపెట్టే యాప్) ఆన్ చేసి పని చేయాలి, ప్రతి 10 నిమిషాలకు ఒకటి చొప్పున స్క్రీన్‌షాట్ వెళ్తుంది, కీబోర్డు, మౌస్ కదలిక కూడా నమోదవుతుంది. వారం లెక్క యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం ఆదివారం అర్ధరాత్రికి ముగుస్తుంది, అంటే మనకు సోమవారం ఉదయం 5:30. తర్వాత క్లయింట్ చూసుకోవడానికి కొన్ని రోజులు ఉంటాయి. వారానికి ఇన్ని గంటలే అని క్లయింట్ లిమిట్ పెట్టొచ్చు. వెబ్‌సైట్ మొదటిసారి చేయించేవాళ్లకు మాత్రం ఫిక్స్‌డ్ ధరే నయం.

పసుపు_కొమ్ము
ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నా. జగిత్యాల మాది, డిగ్రీ అయిపోయింది. ఇంట్లో నుంచే డేటా ఎంట్రీ పని అని టెలిగ్రామ్‌లో వచ్చింది. 2,500 రిజిస్ట్రేషన్. ఐదు రోజుల్లో ఇన్ని ఫారాలు నింపాలి, తప్పులు పది శాతం దాటితే పెనాల్టీ అని అగ్రిమెంట్ పంపారు. ఆధార్ కాపీ, సంతకం అడిగారు. అమ్మ పైసలు ఇస్తానంది. కట్టనా?

హంటర్‌రోడ్_వాణి
కట్టొద్దు తమ్ముడూ. ఆధార్ కూడా పంపొద్దు.

సుబేదారి_ఆడిటర్
@పసుపు_కొమ్ము ఇది పాత మోసమే. నీకు వచ్చే ఫైల్ మసకగా ఉంటుంది, ఎంత సరిగ్గా నింపినా "తప్పులు ఎక్కువ" అనే వస్తుంది. ఆ తర్వాత "లాయర్" అని ఒకడు ఫోన్ చేస్తాడు. అగ్రిమెంట్ ఉల్లంఘించావు, కేసు వేస్తాం, పోలీసులు వస్తారు, ఇప్పుడే ఇంత కడితే సెటిల్ చేస్తాం అంటాడు. మా వీధిలో ఒక అమ్మాయి తిండి మానేసింది ఆ భయానికి. ఆ నోటీసు తెచ్చి చూపిస్తే ఫోన్ నంబర్ తప్ప అందులో సరైన చిరునామా కూడా లేదు. ఏ కోర్టూ యూపీఐలో సెటిల్‌మెంట్ డబ్బు అడగదు.

పని ఇచ్చేవాడు నీకు డబ్బు ఇవ్వాలి. నీ దగ్గర తీసుకోడు. ఇప్పటికే ఎవరైనా కట్టి ఉంటే వెంటనే 1930కు ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి రోజులు పోనివ్వకండి.

పసుపు_కొమ్ము
కట్టలేదు. నంబర్ బ్లాక్ చేశా. ఇంకొకటి, మా సీనియర్ ఒకాయన "నీ పేరు మీద అప్‌వర్క్ ఐడీ తెరిచి ఇవ్వు, నెలకు 5,000 ఇస్తా, పని మేమే చేసుకుంటాం" అన్నాడు. ఇది పర్వాలేదా?

రాత్రి_బండి
వద్దే వద్దు. అది నీ పాన్, నీ ఆధార్, నీ బ్యాంకు ఖాతా. ఎవరి డబ్బు దాని మీదుగా పోతుందో నీకు తెలియదు. రేపు ఎవరినో మోసం చేసిన డబ్బు అందులోకి వస్తే ఖాతా ఫ్రీజ్ అవుతుంది, స్టేషన్‌కు పిలిచేది నిన్నే. ఆ ఐడీ పోతే నీకు నిజంగా పని చేయాలనిపించినప్పుడు కొత్తది తెరవడమూ కష్టం.

పసుపు_కొమ్ము
సరే అన్నా. మరి నాకు వచ్చేది ఏం పని? కోడింగ్ రాదు. ఇంగ్లీషు రాయగలను, తెలుగు టైపింగ్ వచ్చు.

డీటీపీ_చౌరస్తా
పొద్దున్నుంచి షాపులో ఉండి ఇప్పుడే చదివాను. @పసుపు_కొమ్ము, నీకు జవాబు నా దగ్గర ఉంది.

హన్మకొండ చౌరస్తా దగ్గర మాది డీటీపీ షాపు. పెళ్లికార్డులు, కరపత్రాలు, కాలేజీ ప్రాజెక్టు రికార్డులు. అంతా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో. కార్డులు ఫోన్‌లోనే చేసుకోవడం మొదలయ్యాక పని తగ్గింది. అప్పుడు మా అమ్మాయి ప్రొఫైల్ తెరిపించింది. మొదటి అడ్డంకి ఫాంటే. అనులో చేసిన ఫైల్ ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు కనపడదు, ఏవో గుర్తులు కనపడతాయి. బయటివాళ్లందరికీ యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా కనపడే తెలుగు, కావాలి. ఏళ్ల తరబడి అలవాటైన కీబోర్డు వదిలి ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికకు మారాను. వేళ్లు మాట వినేసరికి చాలా కాలం పట్టింది, కానీ విన్నాయి.

ఇప్పుడు నాకు వచ్చే పనుల్లో టైపింగ్ తక్కువ. ఆడియో విని రాయడం, సబ్‌టైటిల్స్ సరిచూడటం, మిషన్ అనువాదం చేసిన తెలుగును మనుషులు మాట్లాడే తెలుగుగా మార్చడం. మన యాస అడిగి మరీ ఇస్తున్నారు. పల్లెలో రైతులతో మాట్లాడిన రికార్డింగ్‌లు వస్తాయి, "గిట్ల", "గట్ల", "ఎవుసం" అంటుంటే వేరే వైపు వాళ్లు వదిలేసిన చోట్లు నేను నింపుతాను. జగిత్యాలవాడివి, నీకు ఆ మాట ఇంట్లోనే ఉంది. దాన్ని ప్రొఫైల్‌లో మొదటి వాక్యంగా రాయి. "తెలుగు టైపింగ్ వచ్చు" అని వేల మంది రాస్తారు. "ఉత్తర తెలంగాణ పల్లె మాట విని తప్పు లేకుండా రాస్తాను" అని రాసేవాళ్లు కొందరే.

ఒక జాగ్రత్త. గంట ఆడియో అంటే గంట పని అనుకుని ధర చెప్పొద్దు. శుభ్రంగా ఉన్న రికార్డింగ్‌కే నాలుగు గంటలు పడుతుంది. వెనకాల ట్రాక్టరు మోగుతుంటే ఇంకా ఎక్కువ. ముందు ఐదు నిమిషాలు విని, అప్పుడు నిమిషానికి ఇంత అని చెప్పు.

పసుపు_కొమ్ము
ఇది ఎవరూ చెప్పలేదు కాకా. మా నాయనమ్మ మాట్లాడింది రాసి ప్రాక్టీస్ చేస్తా.

హంటర్‌రోడ్_వాణి
నాయనమ్మను అడిగి రికార్డ్ చేయి తమ్ముడూ 😊 కాకా చెప్పింది వాయిస్‌కు కూడా వర్తిస్తుంది. మన యాసలో చదివేవాళ్లు కావాలని ఈ మధ్య నాకు కూడా అడుగుతున్నారు.

మానేరు_ఒడ్డు
మంచి మాట. కానీ పిల్లలకు ఇదే జీవితం అని ఆశ పెట్టకండి. మడికొండ ఐటీ పార్కులో, మా కరీంనగర్ ఐటీ టవర్‌లో 2020లో కంపెనీలు మొదలయ్యాయి. నెల జీతం, పీఎఫ్ ఉన్న ఉద్యోగం వస్తే వదలొద్దు. ఇందులో ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. పెళ్లి సంబంధాల వాళ్లు అడిగితే చెప్పుకోవడం కూడా కష్టమే.

రాత్రి_బండి
@మానేరు_ఒడ్డు ఉద్యోగం వదలమని ఎవరూ అనట్లేదు. కానీ మా అమ్మానాన్నలను చూసుకుంటూ కాజీపేటలో ఉండగలిగింది ఈ పని వల్లే. హైదరాబాద్‌లో అద్దెకు పోయే డబ్బు ఇంట్లో ఉంటోంది. నెలనెలా ఒకేలా రాదన్నది నిజం, అందుకే ఇద్దరు ముగ్గురు పాత క్లయింట్లను పట్టుకుని ఉంటాను. వాళ్ల దగ్గర కనెక్ట్స్ ఖర్చు కూడా ఉండదు.

సుబేదారి_ఆడిటర్
చెప్పుకోవడం కష్టం అన్నారు కదా, బ్యాంకుకు చెప్పుకునే దారి ఐటీ రిటర్నులే. ఇంటి లోన్‌కు వెళ్తే జీతం స్లిప్ లేనివాళ్లను గత రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతారు. "పన్ను పడేంత రాలేదు" అని వేయకుండా ఉంటే అక్కడ ఇరుక్కుంటారు.

ఆదాయపు పన్నులో 44ఏడీఏ అని అందరూ చెప్పుకునే పద్ధతి ఉంది, ఆ నంబర్ 1961 చట్టంలోది. ఇంజనీరింగ్, టెక్నికల్ కన్సల్టెన్సీ లాంటి నిర్దేశిత వృత్తులకు వచ్చినదానిలో సగం లాభంగా చూపితే చాలు, ఖర్చుల పుస్తకాలు అక్కర్లేదు. వసూళ్లు 50 లక్షల దాకా, నగదు 5 శాతం లోపే ఉంటే 75 లక్షల దాకా. టైపింగ్, డేటా పనులు ఆ వృత్తుల జాబితాలో లేవు, వాటికి దారి వేరు. మీ పని ఏదో చెప్పి ఆడిటర్‌ను అడిగి వేయండి.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ సేవలకు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటాక. విదేశీ డబ్బు వచ్చిన ప్రతిసారీ బ్యాంకు నుంచి ఎఫ్‌ఐఆర్‌సీ (విదేశం నుంచి డబ్బు వచ్చిందని ఇచ్చే పత్రం) గానీ, అడ్వైస్ గానీ తీసి దాచుకోండి. అది లేకపోతే ఆ డబ్బు ఎక్కడిదని అడిగినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు.

కొత్తవాడ_మగ్గం
అందరూ చెప్పినవి కలిపి మళ్లీ రాశాను, చూడండి:

"వరంగల్ చేతిమగ్గం దర్రీలు అమ్మే చిన్న కుటుంబం మాది. 25 రకాలు చూపించే సైట్ కావాలి, తెలుగు, ఇంగ్లీషు రెండూ. సైట్‌లో డబ్బు కట్టే ఏర్పాటు వద్దు, బటన్ నొక్కితే వాట్సాప్‌కు రావాలి. ఫొటోలు మేమే పగటి వెలుగులో తీసి ఇస్తాం. కొత్త దర్రీ మేమే ఎక్కించుకునేలా నేర్పాలి. డొమైన్, హోస్టింగ్ మా పేరు మీద. మైల్‌స్టోన్లు మూడు: ఒక దర్రీ పేజీ, మొత్తం సైట్, నేర్పడం. బడ్జెట్ 25,000. దర్రీ అసలు రంగుకూ ఫోన్‌లో కనిపించే రంగుకూ తేడా రాకుండా ఏం చేస్తారో నాలుగు వాక్యాలు రాయండి."

చేసేవాళ్లు ఇక్కడివాళ్లయినా, ఇంకెక్కడివాళ్లయినా ఇదే పెడతాను. రూపాయల్లో పెట్టే సైట్ చూస్తున్నా.

రాత్రి_బండి
బాగుంది అక్కా. "ఎన్నిసార్లు మార్పులు" అన్నది చేర్చండి, ఒక్కో మైల్‌స్టోన్‌కు రెండుసార్లు అని. లేకపోతే ఇద్దరికీ తెగదు. బడ్జెట్ ఈ పనికి సరిపోతుంది.

హంటర్‌రోడ్_వాణి
మొదటి మైల్‌స్టోన్ ఇద్దరికి ఇస్తున్నట్టు కూడా రాయండి. రెండోవాళ్లకు ముందే తెలియాలి.

వేయిస్తంభాలు
నక్కలగుట్టలో నాకు తెలిసిన అబ్బాయి ఒకడున్నాడు. ఈ ప్రకటన అతనికీ పంపుతాను, అందరిలాగే అప్లై చేసుకుంటాడు. రికమండేషన్ ఏమీ లేదు.

కొత్తవాడ_మగ్గం
తప్పకుండా పంపండి అన్నా. ప్రశ్నకు జవాబు మాత్రం అతనే రాయాలి.

డీటీపీ_చౌరస్తా
తెలుగు పేజీ అక్షరదోషాలు నేను చూసిపెడతానమ్మా. నా రేటు ప్రొఫైల్‌లో ఉంది, నాలుగో చిన్న మైల్‌స్టోన్‌గా పెట్టు.

చపాటా_మిర్చి
సైట్ వచ్చేదాకా ఆగడం నా వల్ల కాదు. దసరాకు ఇంట్లోకి ఆరడుగుల దర్రీ ఒకటి కావాలి, ఎరుపు అంచుది. ఉందా?

కొత్తవాడ_మగ్గం
ఉంది. మెసేజ్ పెట్టండి, ఫొటో పంపుతా.